కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే

మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములందలి పల్లెలలో తిరుగువారికి ఊరి వెలుపల నల్లని చిట్టెపు దిబ్బలు కొన్నియెడల నేటికిని కానవచ్చును. అవి మన పూర్వులు రాతినుండి ఇనుము తీసిన కొలుముల ఆనవాళ్లు. 2010వ సంవత్సరమున బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణమున గ్రామగ్రామము తిరిగి ఇట్టి స్థలములను పెక్కింటిని గుర్తించిరి. వీనిలోనెల్ల కోనసముద్రము మిక్కిలి ప్రసిద్ధమైనది. నిర్మల, జగిత్యాల సీమలకు చేరువనున్న ఆ యూరు నేడు నిజామాబాదు జిల్లాలో చేరియున్నది. అచటి ఉక్కును కొనుటకై పారసీక దేశములోని ఇస్ఫహాను పట్టణమునుండి వర్తకులు వచ్చెడివారు. తెలుగున, కన్నడమున వాడుకలోనున్న ఉక్కు అను మాటయే ఐరోపావారి నోట వూట్జ్ అయినదని పలువురి యభిప్రాయము.

1820 ప్రాంతమున వాయిసీ అను వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు కోనసముద్రమునకు వచ్చి ఉక్కు చేయు విధమును చూచి వ్రాసికొనెను. ఇంచుమించుగా ఆ కాలముననే లండను నగరమున ఒక యువకుడు హిందూదేశపు ఉక్కుముక్కను ఎదుట పెట్టుకొని, సాధారణమైన ఇనుమునకును దీనికిని గల భేదమేమని పరిశోధించుచుండెను. ఆతడే మైకేల్ ఫారడే. విద్యుచ్ఛక్తి విషయమున ఆతని పేరు వినని విద్యార్థి లేడు. కాని ఆతడు మొదట రసాయనశాస్త్రజ్ఞుడు. పదార్థమునకు రూపము మాత్రమే మారినదా, లేక దాని స్వభావమే మారి వేరొక పదార్థ మయ్యెనా అను ప్రశ్న ఆతని జీవితమునందు పలుమారులు ఎదురయ్యెను. రూపము మాత్రము మారుటను భౌతికమైన మార్పనియు, క్రొత్త పదార్థము పుట్టుటను రసాయనికమైన మార్పనియు మనము పాఠ్యపుస్తకములలో చదువుచున్నాము. చదువుటకు సులభమైన ఈ భేదము కనిపెట్టుటకు ఎంత కష్టమో ఈ మహనీయుని చరిత్రము మనకు తెలుపును.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండనుకు దక్షిణముననున్న న్యూయింగ్టన్ బట్సు అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు ఫారడే కమ్మరి. దేహారోగ్యము సరిగా లేనందున ఆతని సంపాదన చాలీచాలక యుండెను. 1801వ సంవత్సరమున ధాన్యము ప్రియమై యున్నప్పుడు తల్లి ఈ బాలునకు ఒక రొట్టె యిచ్చి, దానితో వారమంతయు గడుపుకొనుమని చెప్పినదట. చదువన్ననో, చదువుట, వ్రాయుట, లెక్కలు వేయుట, ఇంతకు మించి బడిలో ఆతనికి దక్కినది లేదు.

తండ్రి కొలిమియే ఈ బాలునకు మొదటి పాఠశాల యనవచ్చును. మన గ్రామములలో కొడవలియో నాగటికర్రో చేయు కమ్మరి ముంగిట నిలిచిన వారందరును అదే పాఠమును చూడగలరు. ఎర్రగా కాలిన ఇనుమును దాగలిపై నుంచి సమ్మెటతో కొట్టినపుడు అది సాగును, వంగును, పలుచనగును. ఎన్ని రూపములు పొందినను అది ఇనుమే. ఇది భౌతికమైన మార్పు. అయితే ఆ దెబ్బలకే దాగలిచుట్టును నల్లని పొలుసులు రాలును. అవి ఇనుము కావు. కాలిన ఇనుము గాలిలోని ఆమ్లజనితో కూడి యేర్పడిన క్రొత్త పదార్థము. ఇది రసాయనికమైన మార్పు. ఒకే సమ్మెటదెబ్బ క్రింద రెండు మార్పులును కానవచ్చుచున్నవి.

1804లో ఫారడే ఒక పుస్తకవర్తకుని యంగడిలో పత్రికలు మోయు బాలుడుగా ప్రవేశించి, మరుసటి సంవత్సరమునుండి ఏడేండ్లు అచటనే పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనెను. అట్ట కట్టుటకు వచ్చిన పుస్తకములను పగలు కట్టుచు, తీరిక వేళలందు చదువుచుండెను. శ్రీమతి మార్సెట్ అను విదుషీమణి సంభాషణరూపమున రచించిన రసాయనశాస్త్ర గ్రంథము ఆతనికి ఆ విధముగనే లభించెను. పుస్తకములో వ్రాయబడినంతమాత్రమున ఆతడు దేనిని నమ్మలేదు. తనకు దొరకెడి కొలది కాసులతో సామగ్రి కొని, అందలి సంగతులను తన చేతితో పరీక్షించి, నిజమని తోచిన పిదపనే అంగీకరించెను. ఈ యలవాటు ఆతని నెన్నడును విడువలేదు.

1812లో ఒక పెద్దమనిషి దయవలన సర్ హంఫ్రీ డేవీ పండితుడు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో చేసిన నాలుగు ఉపన్యాసములు వినుటకు ఆతనికి వీలు కలిగెను. విన్నదంతయు చక్కగా వ్రాసి, బొమ్మలు గీసి, తన చేతనే అట్ట కట్టి ఆ పుస్తకమును డేవీకి పంపెను. అది చూచి డేవీ సంతసించెను. 1813 మార్చి 1వ తేదీన ఫారడేకు ఆ సంస్థలోనే సహాయకుని పని దొరకెను. సీసాలు కడుగుట, పరికరములు సర్దుట ఆతని మొదటి విధులు. మేడమీది రెండు గదులు ఆతని నివాసము.

ఆ యేడే డేవీతో కూడ ఐరోపా ఖండయాత్రకు పోయి, 1814లో ఫ్లారెన్సు పట్టణమున ఒక వింతను కన్నులార చూచెను. అచటి ప్రభువునకు చెందిన గొప్ప కాచకటకముచే సూర్యకిరణములను వజ్రముపై బడునట్లు చేయగా, ఆమ్లజనితో నింపిన గాజుపాత్రలో ఆ వజ్రము మండిపోయెను. పాత్రలో మిగిలిన వాయువును పరీక్షింపగా అది బొగ్గుపులుసు వాయువే. బొగ్గు మండినపుడు పుట్టునదియు అదియే గదా! కొల్లూరు గనులలో దొరకి గోలకొండ పేర లోకప్రసిద్ధి గాంచిన వజ్రములును, మన వంటయింటి పొయ్యిలోని బొగ్గును కర్బనమను ఒకే మూలపదార్థముతో నేర్పడినవని దీనివలన తేటపడెను. వజ్రమును పొడిచేసినచో ఆ పొడియు వజ్రమే. మండించినచో వజ్ర ముండదు. చూపునకు వజ్రమునకును బొగ్గునకును పోలిక యేమియు లేదు. పదార్థపు నిజము కంటికి కాక, పరీక్షకు మాత్రమే దొరకునని ఇరువది రెండేండ్ల యువకునకు ఈ ప్రయోగము బోధించెను.

లండనుకు తిరిగివచ్చిన కొన్నియేండ్లకు కత్తులు చేయు పనివాడును, విద్వాంసుడునగు జేమ్సు స్టోడార్టుతో కలిసి ఫారడే ఉక్కు పరిశోధన కుపక్రమించెను. హిందూదేశపు వూట్జ్ ఉక్కుతో చేసిన కత్తులకు స్టోడార్టు పేరుపొందినవాడు. ఆ ఉక్కున కంతటి పదును ఎట్లు కలిగినదో తెలిసికొనవలెనని ఇరువురకును కోరిక. 1819లో ఫారడే వూట్జ్ ఉక్కును విశ్లేషించి, అందు అల్యూమినియపు అంశము కొంచెము కలదనియు, దాని గుణమునకు అదియే కారణమనియు ప్రకటించెను. పిమ్మట వెండి, ప్లాటినము, రోడియము, నికెలు మొదలగు లోహములను ఉక్కులో కలిపి చూచి, 1820, 1822 సంవత్సరములలో ఫలితములను అచ్చువేయించెను.

ఇచట ఫారడే పొరబడెను. ఆతని వ్యాసములను చదివి పారిసు టంకశాలలో నుండిన బ్రేయాను అను రసాయనజ్ఞుడు తానును ప్రయోగములు చేసి, ఉక్కు గొప్పతనమునకు అల్యూమినియము కారణము కాదనియు, ఇనుముతో చేరిన కర్బనమే కారణమనియు తేల్చెను. తరువాతి శాస్త్రజ్ఞులు దీనిని స్థిరపరచిరి. అయినను ఫారడే శ్రమ వ్యర్థము కాలేదు. తాను చేసినది చేసినట్లు దాచక వ్రాసినందుననే ఇతరులు దానిని పరీక్షించి సరిదిద్దగలిగిరి. ఆతడు చేసిన ఉక్కుముక్కలు ఒక పెట్టెలో భద్రముగా నుండగా, 1931లో సర్ రాబర్టు హాడ్‌ఫీల్డు వానిలో 79 ముక్కలను పరిశీలించి గ్రంథము రచించెను.

మన కోనసముద్రపు పనివారి మూసలో జరిగినదేమో ఇప్పుడు తెలిసికొనవచ్చును. ఊక కలిపిన మట్టితో వారు మూసలు చేసి, అందు ఇనుమునుంచి, మూతవేసి, గట్టిగా మెత్తి, చిరకాలము తీవ్రమైన వేడిలో నుంచెడివారు. లోపలి లోహము కరగి, చల్లారి ముద్దకట్టెను. కరగుటయు గడ్డకట్టుటయు భౌతికమైన మార్పులు. కాని ఆ వేడిలో ఇనుమునకు కర్బనము చేరెను. అందు కొంత ఇనుముతో సంయోగమంది క్రొత్త పదార్థమయ్యెను. ఇట్టి ఉక్కుతో చేసిన ఖడ్గములపై నీటి యలలవలె కనబడు చారలకు ముఖ్యకారణము ఆ పదార్థమే. మూసనుండి వెడలిన ముద్ద చూపునకు ఇనుపముద్దవలెనే యుండును. దాని గుణము మాత్రము వేరు. రూపము మారకున్నను స్వభావము మారుట యన నిదియే. ఆ పనివారికి కర్బనమను పేరు తెలియకున్నను, దానిని ఇనుమునకు చేర్చు నేర్పు మాత్రము తరతరములుగా వారి చేతిలో నుండెను.

1823లో దీనికి విపరీతమైన యనుభవము ఫారడేకు కలిగెను. క్లోరిన్ వాయువు నీటితో చేరి యేర్పడు స్ఫటికములను మూసిన గాజుగొట్టములో వేడిచేయుచుండగా, లోపల పసుపుపచ్చని నూనె బిందువులవంటివి కనబడెను. అప్పుడు ప్రయోగశాలకు వచ్చిన మిత్రుడు పారిసు వైద్యుడు వానిని చూచి, గొట్టమును సరిగా కడుగక జిడ్డు మిగిల్చితివని పరిహసించెను. మరునాడు ఫారడే ఆతనికి రెండు మాటలలో జాబు వ్రాసెను. ఆ నూనె క్లోరినే యని దాని భావము. తన యొత్తిడికి తానే లోబడి వాయువు ద్రవమయ్యెను. నిన్న గాలివలె నున్నది నేడు నూనెవలె నున్నను, లోపలి పదార్థము మారలేదు. ఇట్టి ప్రయోగములలో గొట్టము పగిలి గాజుతునకలు ఆతని కంటికి తగిలెను. అయినను ఆతడు పని మానలేదు.

1831లో అయస్కాంతబలముచే విద్యుత్ప్రవాహమును పుట్టించు విధమును ఫారడే కనుగొనెను. ఈనాడు రామగుండములో బొగ్గుతో పుట్టు విద్యుత్తుకు మూలసూత్ర మదియే. అచటను రెండు మార్పులను వేరుచేసి చూడవచ్చును. సింగరేణి బొగ్గు మండి బొగ్గుపులుసు వాయువగుట రసాయనికము. ఆ వేడికి నీరు ఆవిరియై, చక్రములను త్రిప్పి, మరల చల్లారి నీరగుట భౌతికము.

తరువాత విద్యుత్తుచే పదార్థములు విడిపోవుటను గూర్చి పరిశోధించి, 1834 నాటికి అందలి నియమములను ప్రకటించెను. నీటిలో విద్యుత్తు ప్రవహింపజేసినచో అది ఆమ్లజని, ఉదజని యను రెండు వాయువులుగా విడిపోవును. ఆ రెంటిని కలిపి నిప్పు సోకించినచో మరల నీరగును. విద్యార్థులలో కొందరు, వెనుకకు మరల్చగలిగినది భౌతికమైన మార్పు, మరల్చలేనిది రసాయనికమైన మార్పు అని కంఠస్థము చేయుచుందురు. ఇది చాలినంత లక్షణము కాదు. నీరు విడిపోవుట రసాయనికమే యైనను మరల కూర్చవచ్చును. క్రిందపడి పగిలిన కుండను ఎవరును మరల అతుకలేరు. అయినను ఆ పెంకులు కుండమట్టియే. క్రొత్త పదార్థము పుట్టెనా లేదా అనునదియే మనము అడుగవలసిన ప్రశ్న.

రంగు మారినచో రసాయనికమైన మార్పు జరిగినదనుటయు అన్నివేళల సరికాదు. 1857లో ఫారడే బంగారమును గూర్చి గొప్ప యుపన్యాసము చేసెను. మిక్కిలి పలుచని బంగారు రేకుగుండ చూచినచో వెలుగు పచ్చగా కనబడును. నీటిలో అతిసూక్ష్మమైన కణములుగా నున్న బంగారము కెంపువలె ఎర్రగా నుండును. పసుపైనను, పచ్చయైనను, ఎరుపైనను అది బంగారమే. కణముల పరిమాణమునుబట్టి వెలుగు మారెను గాని లోహము మారలేదు.

ఇట్లు పండితులకు చెప్పిన సంగతులనే ఫారడే బాలురకును చెప్పగలిగెను. రాయల్ ఇన్‌స్టిట్యూషనులో క్రిస్మసు దినములందు బాలబాలికలకు ఉపన్యాసములిచ్చు సంప్రదాయము ఆతని కాలముననే ప్రారంభమయ్యెను. 1827 మొదలు 1860 వరకు ఆతడు పందొమ్మిది పర్యాయములు అట్టి యుపన్యాసములు చేసెను. అందు ఉత్తమమైనవి క్రొవ్వొత్తిని గూర్చినవి. వానిని 1848లో నొకసారి, 1860-61లో మరియొకసారి ఇచ్చెను. 1861లో అవి పుస్తకరూపమున వెలువడెను.

క్రొవ్వొత్తిని వెలిగించినపుడు వత్తిచుట్టును మైనము కరగి చిన్న గిన్నెవలె నిలుచును. ఇది భౌతికము. కరగిన మైనము వత్తిద్వారా పైకి ప్రాకి ఆవిరి యగును. ఇదియు భౌతికమే. ఆ యావిరి ఆమ్లజనితో కూడి మండునపుడు మాత్రము మైనము మైనముగా నుండదు. ఆరిపోయిన వత్తినుండి తెల్లని పొగ లేచుచుండగా, దానికి కొంచెము ఎడముగా నిప్పు చూపినచో మంట ఆ పొగగుండ పరుగెత్తి వత్తిని చేరును. మండునది మైనపు ఆవిరి యనుటకు ఇది నిదర్శనము.

మండి మాయమైన మైనము ఎచటికి పోయెను? బాలబాలికలారా, పెద్దలను దగ్గర నుంచుకొని మీరును పరీక్షింపుడు. చల్లని లోహపుగిన్నెను మంటపై నెత్తుగా పట్టినచో దాని యడుగున చెమ్మ పట్టును. అది మైనములోని ఉదజని మండి యేర్పడిన నీరు. తమలపాకులకు పూయు సున్నమును నీటిలో కలిపి తేర్చి, పైతేటను సీసాలో పోయుడు. మంటపై కొంతసేపు బోర్లించిన గాజుపాత్రను వెంటనే ఆ తేటతో నాడించినచో తేట పాలవలె తెల్లబడును. బొగ్గుపులుసు వాయువునకు గుర్తు అదియే. ఒక గొట్టముద్వారా మీ యూపిరిని ఆ తేటలోని కూదినను, తేట నోట పడకుండ చూచుకొన్నయెడల, అట్లే జరుగుట చూతురు. మన దేహములో ఆహారము మెల్లమెల్లగా మండుచున్నదని ఫారడే తన చివరి యుపన్యాసమున బాలురకు చూపి, క్రొవ్వొత్తివలె చుట్టునున్నవారికి వెలుగునిచ్చుచు బ్రదుకుడని దీవించి ముగించెను.

మన జిల్లాల చేతిపనులను చూచునపుడు ఈ పాఠమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆదిలాబాదు సీమలోని ఓజ కళాకారులు డోక్రా బొమ్మను మొదట మైనముతో తీర్చి, దానిపై మట్టి మెత్తి, కాల్చి, మైనము కరగిపోయిన ఖాళీలో ఇత్తడి పోయుదురు. మైనము కరగుట, ఇత్తడి గడ్డకట్టుట భౌతికములు. పచ్చిమట్టి కాలి నీటికి కరగని పెంకగుట రసాయనికము. కరీంనగరమున ఫిలిగ్రీ యను పేర ప్రసిద్ధమైన పనిలో వెండిని వెంట్రుకవంటి తీగగా సాగదీసి లతలు, నెమళ్లు అల్లుదురు. ఎంత సాగినను అది వెండియే. ఆ నెమలి కొన్నినాళ్లు గాలిలో నుండి నల్లబడినచో, ఆ నలుపు వెండి గంధకముతో చేరిన క్రొత్త పదార్థము. పెద్దదిగా కనబడు మార్పు భౌతికమై, స్వల్పముగా కనబడు మార్పు రసాయనికమై యుండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఫారడే 1821లో సారా బర్నార్డు అను సద్గుణవతిని వివాహమాడెను. ఆ సంవత్సరమే తన తలిదండ్రులు సేవించిన శాండెమనీయులను చిన్న క్రైస్తవసంఘమున సభ్యుడై, తరువాత పెద్దగా నెన్నుకొనబడి, రోగులను, బీదలను దర్శించుచు సేవచేసెను. నైటు బిరుదమును వలదనెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని ఒసగజూపినను స్వీకరింపలేదు. వార్ధక్యమున జ్ఞాపకశక్తి క్షీణింపగా, తన ప్రయోగములనే తాను మరచుచుంటినని గ్రహించి మెల్లగా పనులనుండి విరమించెను. విక్టోరియా రాణి 1858లో హాంప్టన్ కోర్టునొద్ద ఒసగిన గృహమున 1867 ఆగస్టు 25వ తేదీన శాంతముగా కన్నుమూసెను. రాజులకును కవులకును సమాధులున్న వెస్టుమినిస్టరు దేవాలయమును కోరక, ఆతని యిష్టప్రకారము హైగేటు శ్మశానవాటికలో నిరాడంబరముగా పూడ్చిరి.

కమ్మరి కొలిమినుండి పుస్తకపు టంగడికి, అచటినుండి ప్రయోగశాలకు, ఆపైన లోకప్రసిద్ధికి వచ్చినను, ఫారడే నడవడి మారలేదు. బీదతనమున నెట్లుండెనో కీర్తియందును అట్లే యుండెను. ఆతని బ్రతుకున రూపములు పెక్కు మారెను, స్వభావము మాత్రము మారలేదని చెప్పవచ్చును. మన పాఠశాలలో చదువు పిల్లలలోను కమ్మరి, కుమ్మరి, గనికార్మికుల బిడ్డలున్నారు. తండ్రి పని చేయుచోట నిలిచి, కనబడినదానిని కనబడినట్లు నమ్మక, ఇందు క్రొత్త పదార్థము పుట్టెనా యని ప్రశ్నించి, పరీక్షించి, పొరబడినచో దాచక దిద్దుకొను బాలుడో బాలికయో వారిలో నుండినచో, ఈ మహనీయుని చరిత్రము చదివినందుకు ఫలము కలిగినట్లే.